ఇంగ్లండు కాలువలలో పడవ విహారము

గంటకు నాలుగు మైళ్ళకు మించి పోగూడదని నిబంధన గల ప్రయాణమునకు డబ్బిచ్చి పోవువారుందురా యని శ్రోతలు సందేహింపవచ్చును. ఉన్నారు. ఇంగ్లండు, వేల్సు దేశములలో ఏటేట వసంతము మొదలుకొని శరత్కాలము వరకు వేలకొలది కుటుంబములును మిత్రబృందములును సన్నని పొడవైన ఇనుపపడవ నొకదానిని వారమునకో పదిదినములకో అద్దెకు తీసికొని, రెండువందల యేండ్లనాటి కాలువల వెంట తామే నడపుకొనుచు పోవుచుందురు. పడవవాడు వేరుగా ఉండడు. వంటవాడును ఉండడు. పడవ నడపుటకు లైసెన్సు అక్కరలేదు. బయలుదేరునప్పుడు పడవ యజమాని మనిషి గంటసేపు అన్నియు చూపి, చెప్పి దిగిపోవును. అటుపిమ్మట వారి పడవ, వారి భాగ్యము.

ఈ పడవను అక్కడివారు నారోబోటు అందురు. సన్నపడవ యని మనము చెప్పుకొందము. వెడల్పు 6 అడుగుల 10 అంగుళములు; పొడవు 70 అడుగుల వరకు ఉండును. అనగా మన రైలుపెట్టె యంత పొడవును, దాని వెడల్పులో మూడింట రెండువంతులును అన్నమాట. అందులోనే పడకలు, వంటయిల్లు, స్నానపుగది, కూర్చుండు చోటు, అన్నియు ఒకదానివెనుక నొకటిగా అమర్చియుండును. నడవలో ఇద్దరు ఎదురుపడినచో ఒకరు గోడ కానుకొని ప్రక్కకు తిరుగవలసినదే.

ఇట్టి ఆకారమును కోరి యెవ్వరును కల్పింపలేదు. లాకుల కొలత యెంతయో పడవ కొలత అంతయైనది. 1761లో బ్రిడ్జ్‌వాటర్ ప్రభువు తన వర్స్‌లీ బొగ్గుగనులనుండి మాంచెస్టరు పట్టణమువైపు కాలువ త్రవ్వించెను. మాంచెస్టరులో బొగ్గు ధర సగమునకు దిగెను. గుఱ్ఱము బండిని లాగినచో కదలునది ఒకటి రెండు టన్నులు. అదే గుఱ్ఱము గట్టున నడచుచు తాటితో పడవను లాగినచో 25, 30 టన్నులు కదలును. ఈ లెక్క తెలిసిన పిదప వర్తకులు ఊరకుందురా? ఆ కాలువ పనిలో పేరుపొందిన జేమ్స్ బ్రిండ్లీకి దేశము నలుమూలలనుండి పిలుపులు వచ్చెను. ట్రెంట్, మెర్సీ నదులను కలుపు కాలువ పని 1766లో ఆయన ఆధ్వర్యమున ఆరంభమయ్యెను. దారిలో హేర్‌కాసిల్ కొండ అడ్డము. దాని క్రింద మైలున్నరకు మించిన సొరంగము త్రవ్వవలసివచ్చెను. సొరంగము వెడల్పైన కొలది ఖర్చు పెరుగును. లాకు వెడల్పైన కొలది నీరు ఖర్చగును. అందుచే ఆయన లాకులను సుమారు 7 అడుగుల వెడల్పున, 72 అడుగుల పొడవున కట్టించుటకు నిశ్చయించెను. 1772లో ఆయన గతించెను. కాలువ 1777లో పూర్తియైనది. మధ్య ఇంగ్లండులోని తక్కిన కాలువలు చాలవరకు ఆ కొలతనే అనుసరించినవి. నేటి విహారయాత్రికులు ఇరుకు నడవలో ఒకరినొకరు ఒరసికొనుచు తిరుగుటకు మూలము బ్రిండ్లీగారి పొదుపే.

ఆ మొదటి సొరంగములో గుఱ్ఱము నడచుటకు గట్టు లేదు. గుఱ్ఱమును కొండమీదుగా నడిపించి, పడవవారు వెల్లకిల పరుండి సొరంగపు గోడలను కాళ్ళతో తన్నుచు చీకటిలో పడవను సాగించెడివారు. దాని ప్రక్కనే టెల్ఫర్డు త్రవ్వించిన రెండవ సొరంగము 1827లో తెరువబడినది. ఇప్పటి పడవలు పోవునది దానిలోననే.

ఇక లాకుల సంగతి. గోదావరి, కృష్ణా డెల్టాల వారికి లాకు అనగా ఏమో చెప్పనక్కరలేదు. ధవళేశ్వరమువద్దను విజయవాడవద్దను పడవలు లాకులలో ఎక్కి దిగుట చూచిన పెద్దలు ఇంకను మనలో ఉన్నారు. తక్కిన శ్రోతలకొఱకు కొంచెము విప్పి చెప్పెదను.

కాలువ నేలయొక్క ఏటవాలును అనుసరించి జారిపోదు. మెట్టుమెట్టుగా ఎక్కి దిగును. ఒక్కొక్క మెట్టువద్ద ఇటుకతోనో రాతితోనో కట్టిన పొడవైన తొట్టి యుండును. దానికి ఎగువ ప్రక్క తలుపు, దిగువ ప్రక్క తలుపు. అదియే లాకు. పైకి పోవు పడవ దిగువ తలుపుగుండ తొట్టిలో ప్రవేశించును. వెనుక తలుపు మూయుదురు. ఎగువనున్న చిన్న షట్టర్లను ఎత్తగానే పైకాలువ నీరు తొట్టిలోనికి దుమికి, పడవ తేలుచు లేచును. లోపలి నీరును పైకాలువ నీరును సమమైనప్పుడు ఎగువ తలుపు తెరచుకొనును. దిగునప్పుడు ఇదే పని తలక్రిందులుగా జరుగును. షట్టరును ఎత్తుటకు పడవవారివద్ద వంకర ఇనుపపిడి యుండును; దానిని పళ్ళచక్రపు ఇరుసునకు తగిలించి త్రిప్పవలెను. తలుపునకు పొడవైన దూలము బిగించియుండును. దానికి వీపు ఆనించి నెట్టవలెను. నీరు సమము కాకముందు పదిమంది నెట్టినను ఆ తలుపు కదలదు. సమమైన పిమ్మట పన్నెండేండ్ల పిల్ల నెట్టినను కదలును. తొందరపడువారు ఇచ్చట వృథాగా చెమటోడ్చుదురు.

మన కాలువలమీద లాకు పని ప్రభుత్వ సిబ్బందిది. అక్కడ కొన్ని పెద్ద లాకులవద్ద తప్ప ఆ పని పడవలోనివారిదే. కనుక అందలి అపాయమును కూడ వారే తెలిసియుండవలెను. ఎగువ తలుపు అడుగున రాతిగడప యొకటి తొట్టిలోనికి చొచ్చుకొనియుండును. నీరు నిండియున్నంతసేపు అది కనబడదు. దిగునప్పుడు పడవ వెనుకభాగము ఆ గడపపై చిక్కుకొన్నచో, నీటితోపాటు ముందుభాగము మాత్రము దిగిపోయి, పడవ ఒరిగి నీరెక్కి మునుగును. ఇట్లు మునిగిన పడవలు కలవు. అందుచే గడప ఎంతవరకు ఉన్నదో తెలియునట్లు లాకు అంచున తెల్లగీత వేసియుందురు. చుక్కానితో సహా పడవయంతయు ఆ గీతకు ముందే నిలువవలెను. షట్టరువద్ద నున్నవారు కబుర్లలో పడక పడవనే చూచుచుండవలెను. అనుమానము తోచిన తక్షణమే షట్టరు దింపవలెను.

రెండవ సంగతి నీటిది. సన్నలాకు ఒకమారు ఖాళీ చేసినచో సుమారు 25 వేల గ్యాలనులు, అనగా లక్ష లీటర్లకు పైచిలుకు నీరు దిగువకు పోవును. అది కాలువ శిఖరమువద్ద జలాశయములలో వాననీరు నిలువ చేసి తెచ్చినది. దిగిన నీరు తనంత తాను పైకి రాదు. అందుచే మర్యాద తెలిసినవారు లాకు నింపుటకు ముందు ఎదుటినుండి పడవ వచ్చుచున్నదేమో చూతురు. వచ్చుచున్నచో దానిని రానిత్తురు. ఒకే తొట్టెడు నీటితో ఒక పడవ దిగును, ఒకటి ఎక్కును. షట్టరు మూయక మరచి పోయినచో తెల్లవారుసరికి పైకాలువ ఎండి, అచ్చట కట్టిన పడవలు బురదలో కూర్చుండును. ఇది వట్టి బెదరింపు కాదు. 2025లో వానలు వెనుకపట్టి జలాశయములు తగ్గిపోగా, లీడ్స్-లివర్‌పూల్ కాలువ మొదలగు వానిలో చాల మైళ్ళు పడవలకు మూసివేయవలసివచ్చెను.

పని పంపకము బృందమునుబట్టి యుండును. ఆరుగురు ఉన్నారనుకొందము. ఒకరు చుక్కానివద్ద, ఇద్దరు లాకువద్ద, ఒకరు సైకిలుమీద ముందుపోయి తరువాతి లాకును సిద్ధపరచుట. మిగిలిన ఇద్దరు కాఫీ కాచుటయో, గట్టువెంట నడచుటయో. చుక్కాని పట్టుట కష్టము కాదుగాని విపరీతముగా తోచును: కొయ్యను ఎడమకు నెట్టినచో పడవముక్కు కుడికి పోవును. పడవ తన నడుమ ఇరుసుగా తిరుగును గనుక ముందుభాగము దారికి వచ్చినదని సంతోషించులోపల వెనుకభాగము గట్టును తాకును. బ్రేకు లేదు; ఇంజనును వెనుకకు త్రిప్పుటయే ఆపుట. ఎదురుపడవ వచ్చినచో కుడిప్రక్కకు తొలగవలెను. గట్టున కట్టియున్న పడవల ప్రక్కగా పోవునప్పుడు వేగము బాగుగా తగ్గింపవలెను, లేనిచో అలల తాకిడికి వారి మేకులు ఊడివచ్చును.

అచ్చట బంధువులుండి, అందరు కలిసి ఇట్టి యాత్ర తలపెట్టు మన కుటుంబములకు రెండు మాటలు. ఆరుగురు పడుకొనదగు పడవయని చెప్పినచో, అందులో ఇద్దరి పడక భోజనపుబల్లను విప్పి పరచినది కావచ్చును; రాత్రి పరచుట, ఉదయము మడచుట తప్పదు. డబ్బునకు వెనుదీయనివారు ఆరుగురికి ఎనిమిది పడకల పడవ తీసికొనుట మేలు. రెండవది, వంట చేయువారిని వారమంతయు వంటయింటికే కట్టిపెట్టినచో వారికది విహారము కాదు. చుక్కాని చేతులు మారినట్లే గరిటెయు మారవలెను.

ఈ కాలువలు నేడు మిగిలియుండుటయే ఒక ఆశ్చర్యము. 1830 తరువాత రైళ్ళు విస్తరించి సరకును లాగికొనెను. మన గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర ఇండియాకు రైళ్ళకంటె నౌకాయానపు కాలువలే మేలని జీవితాంతము వాదించెను; ఆయన స్వదేశమున మాత్రము కాలువలు అప్పటికే రైళ్ళకు లొంగిపోవుచుండెను. కిరాయి తగ్గగా పడవవారు ఇండ్లు విడిచి, కూలి మిగుల్చుకొనుటకు భార్యాపిల్లలను పడవలకు చేర్చిరి. పదియడుగుల గదిలో కుటుంబమంతయు; మిగిలిన పొడవంతయు సరకు. పిల్లలకు బడి లేదు. ఇప్పుడు మెత్తని పరుపులున్నచోట అప్పుడు బొగ్గు ఉండెడిది. అద్దెపడవలమీది గులాబీల బొమ్మలు, కోటల బొమ్మలు చూచి ముచ్చటపడువారు ఈ సంగతియు ఎరిగియుండుట న్యాయము.

ఇరువదవ శతాబ్ది నడుమకు చాల కాలువలు పూడిపోవుచుండెను. ఎల్. టి. సి. రోల్ట్ అను ఇంజనీరు 'క్రెసీ' యను పడవలో కాపురముండి, తన ప్రయాణమునుగూర్చి వ్రాసిన 'నారో బోట్' అను గ్రంథము 1944లో వెలువడెను. దానిని చదివిన రాబర్ట్ ఎయిక్‌మన్ 1945లో టార్డిబిగ్ గ్రామమువద్ద ఆ పడవకే పోయి ఆయనను కలిసికొనెను. మరుసటి యేడు కాలువల రక్షణకు సంఘమేర్పడెను. ఇద్దరికి తరువాత పొసగలేదు. పని మాత్రము ఆగలేదు. 1962-63 శీతకాలమున కాలువలు వారములతరబడి గడ్డకట్టుటతో సరకుపడవల వృత్తి చాలవరకు ముగిసెను. 1968 రవాణా చట్టము కొన్ని కాలువలను విహారమునకై నిలుపవలెనని అంగీకరించెను. సెలవుదినములలో గంపలతో బురద యెత్తిన స్వచ్ఛంద సేవకుల శ్రమతో కెన్నెట్-ఏవన్ కాలువ 1990లోను, హడర్స్‌ఫీల్డ్ సన్నకాలువ 2001లోను మరల తెరచుకొనెను. సరకు విడిచిపెట్టిన కాలువను సెలవు నిలిపినదనుట అతిశయోక్తి కాదు. 2012నుండి సుమారు 2,000 మైళ్ళ జలమార్గములు ఒక ధర్మసంస్థ చేతిలో నున్నవి. దానికి ప్రభుత్వమిచ్చు గ్రాంటు 2027 తరువాత ఏటేట తగ్గునని 2023లోనే ప్రకటించిరి. పడవల లైసెన్సు రుసుములు, విరాళములు ఆ లోటును ఎంతవరకు పూడ్చునో, పాత కట్టలు, తలుపులు అంతవరకు ఓర్చునో యని పడవవారికి బెంగ.

దారి నిర్ణయించుటకు తేలిక లెక్క యున్నది. మైళ్ళను లాకులను కూడి మూడుచే భాగించినచో గంటలు వచ్చును. నాలుగు జిల్లాల చుట్టుయని పేరుపొందిన మార్గము 110 మైళ్ళు, 94 లాకులు. లెక్కకు 68 గంటలు. వారములో ముగించినచో దినమునకు సుమారు పదిగంటలు. అది విహారము కాదు, కూలిపని. రెండువారములున్నచో చక్కని దారి. చీకటిపడిన పిదప అద్దెపడవను నడపనీయరు కాబట్టి ఆలస్యమును రాత్రి పూడ్చుకొను ఆశ పెట్టుకొనరాదు. టార్డిబిగ్‌వద్ద వరుసగా 30 లాకులున్నవి. వానిని దాటుటకే నాలుగైదు గంటలు పట్టును. కొత్తవారు మొదటిసారి అటు పోకుండుటయే మంచిది.

కొత్తవారికి నేను చెప్పునది వేల్సు సరిహద్దులోని లాన్‌గొల్లెన్ కాలువ. ట్రెవర్ గ్రామమునుండి ఎల్స్‌మియర్ వరకు రెండే లాకులు. 1944లోనే దీనిని పడవలకు రద్దుచేయుటకు చట్టమైనది. డీ నదినీరు త్రాగునీటికై దీనిగుండ పోవుచుండుటచే పూడ్చక విడిచిరి. ఈ దారిలోనే పాంట్‌కసల్తే అక్విడక్టు కలదు. కోనసీమలో పి. గన్నవరము అక్విడక్టును చూచినవారికి నదిమీదుగా కాలువ పోవుట కొత్త కాదు. ఇచ్చటి విశేషము ఎత్తు. 1805లో తెరచిన ఈ ఇనుపతొట్టి డీ నదికి 126 అడుగుల పైన, వేయియడుగుల పొడవున సాగును. ఒకప్రక్క నడకదారియు కమ్మీలును ఉన్నవి. రెండవప్రక్క నీటికి కొద్ది అంగుళముల పైన తొట్టి అంచు తప్ప మరేమియు లేదు. కళ్ళు తిరుగువారు ఆ ఐదారు నిమిషములు పడవలోపల కూర్చుండుటయో, ముందే దిగి కమ్మీవైపున నడచిపోవుటయో మేలు.