హోమ్ సెక్యూరిటీ: తలుపు అవతల ఎవరు? ఓ నర్సు భయంలోంచి పుట్టిన డిజైన్ ఇది!

ఇంట్లో ఒంటరిగా ఉన్నారు. అర్ధరాత్రి ఎవరో తలుపు కొట్టారు. తీయాలా? వద్దా? ఇవాళ ఫోన్‌లో కెమెరా చూసి చెప్పేస్తున్నాం. మరి ఈ ఐడియా మొదట ఎవరికి వచ్చింది? ఎలా వచ్చింది?

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ ఓ నర్సు. ఆమె భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. ఇద్దరి డ్యూటీ టైమింగ్స్ వేరు. దాంతో ఆమె చాలాసార్లు ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి వచ్చేది. ఆ ప్రాంతంలో నేరాలు ఎక్కువ, పిలిస్తే పోలీసులు వచ్చేసరికి ఆలస్యం. అందుకే 1966లో దంపతులిద్దరూ కలిసి ఓ సిస్టమ్ తయారు చేశారు.

ఒక్కో భయానికి ఒక్కో జవాబు

* వచ్చింది ఎవరో కనిపించాలి. పొడుగు మనిషి కావొచ్చు, చిన్న పిల్లాడు కావొచ్చు. అందుకే తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో రంధ్రాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా పెట్టారు.
* చూడ్డానికి తలుపు దాకా వెళ్లకూడదు. అందుకే గదిలోనే టీవీ మానిటర్.
* ఎందుకొచ్చారో అడగాలి. దానికి మైక్, స్పీకర్.
* తెలిసినవాళ్లైతే కూర్చున్న చోటి నుంచే తలుపు తెరిచే రిమోట్.
* అనుమానం వస్తే నొక్కడానికి అలారం బటన్.

1966 ఆగస్టు 1న పేటెంట్‌కు దరఖాస్తు చేస్తే, 1969 డిసెంబర్ 2న వచ్చింది. నంబర్ 3,482,037.

రింగ్ డోర్‌బెల్ కథ కూడా ఇలాంటిదే. గ్యారేజ్‌లో పనిచేసుకుంటున్న జేమీ సిమినాఫ్‌కు ఇంటి బెల్ వినిపించేది కాదు. అందుకే ఫోన్‌కు వీడియో పంపే బెల్ తయారు చేశాడు. 2013లో 'షార్క్ ట్యాంక్' షోకి వెళ్లి డీల్ లేకుండానే తిరిగొచ్చాడు. 2018లో అదే కంపెనీని అమెజాన్ కొనేసింది.

మీరూ డిజైన్ చేస్తున్నారా?

ఇంజినీరింగ్ ప్రాజెక్టు కోసం చాలామంది ముందు సెన్సార్ కొంటారు, తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలా అని వెతుకుతారు. బ్రౌన్ దంపతులు చేసింది దీనికి రివర్స్. ముందు మనిషి, తర్వాత భయం, ఆఖర్న వస్తువు.

కాబట్టి ముందు ఒక మనిషిని ఎంచుకోండి. ఒంటరిగా ఉండే అమ్మమ్మ అనుకుందాం. ఆమెకు కళ్లు సరిగా కనిపించకపోతే? యాప్ వాడటం రాకపోతే? కనీసం పది ఐడియాలు రాసుకోండి, రెండు మిగుల్చుకోండి. అట్టముక్కతో మోడల్ చేసి ఆమె చేతికే ఇచ్చి చూడండి. బటన్ అందడం లేదంటే మార్చాల్సింది డిజైన్‌నే, అమ్మమ్మను కాదు.

ఆ తర్వాత ఫెయిల్ అయ్యే సందర్భాలు చూడండి. కరెంట్ పోతే బ్యాటరీ ఉందా? వైఫై ఆగితే అలారం మోగుతుందా? పీఐఆర్ సెన్సార్ శరీర వేడి కదలికను పసిగడుతుంది. అంటే పిల్లి వెళ్లినా మోగొచ్చు. రోజూ ఊరికే మోగితే ఇంట్లోవాళ్లు విసిగిపోయి స్విచ్ ఆపేస్తారు. అసలు దొంగ వచ్చిన రోజు అది మోగదు.