కంటి యొత్తిడియు, కావలి కణములును



మనవారు ‘నీటికాసులు’ అనియు, వైద్యులు గ్లకోమా యనియు పిలుచు నేత్రవ్యాధి చూపును దొంగవలె హరించును. ఆ దొంగతనమున ఇంటి కావలివానికే పాలున్నదని యిటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి. ఆ విషయమును నేడు విన్నవింతును.

కంటి ముందరి భాగమున నిర్మలమైన ద్రవ మొకటి నిరంతరము ఊరుచు, జల్లెడవంటి సూక్ష్మమార్గమున వెలికి పోవుచుండును. ఆ దారి పూడినచో లోపలి యొత్తిడి హెచ్చును. సామాన్యముగా నది పాదరసపు కొలతలో 10 మొదలు 21 మిల్లీమీటర్ల వరకు నుండును. హెచ్చిన యొత్తిడి, కంటి వెనుకతెరయగు రెటీనానుండి మెదడునకు వార్తలు గొనిపోవు సుమారు 10 లక్షల నాడీతంతువులను బాధించును.

అయితే ఒత్తిడి తానొక్కతెయే వానిని చంపుచున్నదా? ప్రతి కణమునను జన్యువులను ఆజ్ఞాపత్రములు గలవు. అన్నియు నన్నివేళల అమలు కావు. వయస్సుతో కంటి యొత్తిడి హెచ్చు నొక జాతి యెలుకలను పరీక్షింపగా, నాడీకణములు చావకమునుపే రెటీనాలో శరీరరక్షణకు సంబంధించిన జన్యువులు మేల్కొనుట కనబడెను. వానిలో ‘సీ వన్ క్యూ’ అను మాంసకృత్తును పుట్టించునవి ముఖ్యములు. శైశవమున నాడులు పెరుగునపు డీ పదార్థము అక్కరలేని సంధులకు గురుతు పెట్టును. మైక్రోగ్లియా యను కావలి కణములు వానిని మ్రింగి శుభ్రపరచును. తోటమాలి పనికిమాలిన కొమ్మలను కత్తిరించుట యెట్టిదో యిదియు నట్టిదే. పెరుగుదల ముగిసినపిమ్మట అణగియుండవలసిన యీ పని, వ్యాధి తొలిదశలోనే మరల నారంభమగుచున్నదని 2007లో వెలువడిన పరిశోధన సూచించెను. ఆ జన్యువు చెడియున్న యెలుకలలో, ఒత్తిడి హెచ్చినను దృష్టినాడి చాలవరకు నిలిచినదని 2011లో మరియొక పరిశోధన తెలిపెను. కంచెయే చేను మేసిన చందమిది!

ఎలుకయందు కనబడినదెల్ల మనుజునకు చెల్లునని తలపరాదు. నిరూపితమైన చికిత్స ఒత్తిడిని తగ్గించుటయే. చుక్కలమందు, లేజరు, శస్త్రచికిత్స యందులకే. పోయిన చూపు మరలి రాదు, ఉన్నదానిని నిలుపుకొనవచ్చును.

ఈ వ్యాధి పలువురియందు నొప్పి లేక వచ్చి, చూపును అంచులనుండి తరిగించును. ఒక కంటి లోపమును రెండవ కన్ను కప్పిపుచ్చును. ఒత్తిడి హద్దులోనున్నను కొందరికి వ్యాధి కలుగును. కావున 40 యేండ్లు దాటినవారును, తల్లిదండ్రులకో తోబుట్టువులకో యీ వ్యాధి యున్నవారును, ఒత్తిడితోపాటు దృష్టినాడిని సైతము పరీక్ష చేయించుకొనవలయును. మనకు తెలియకమునుపే కంటిలోన పని మొదలగును. మన జాగ్రత్తయు నంతకు ముందే మొదలు కావలెను.