వడ్డీ మనకు తెలుసు, లెక్క వాళ్ళ దగ్గరుంది: కార్పొరేట్ ఫైనాన్స్ చదువు గురించి

మన పిల్లలు పి.జి.లో ఏం చదువుతున్నారని అడిగితే చరిత్ర, తెలుగు, సోషియాలజీ, సోషల్ వర్క్ అని వరసగా చెప్తాం. ఎం.కాం., ఎం.బి.ఏ.లలో చేరినవాళ్ళు కూడా, నేను చూసినంతలో, ఫైనాన్స్ జోలికి పోవడం తక్కువ. 'అది మనది కాదులే' అన్న భయం. ఆ భయం నాకూ ఉండేది. మా ఇంట్లో పదో తరగతి దాటినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. అడ్వాన్స్‌డ్ కార్పొరేట్ ఫైనాన్స్ పేపరు తీసుకుంటానని ఫారం పట్టుకుపోతే, సంతకం పెట్టాల్సిన మాస్టారు 'ఎందుకయ్యా, సులువైంది ఏదైనా తీసుకోరాదూ' అన్నాడు. ఆయన నా మంచికే అన్నాడు. మంచికే చెప్పే ఇలాంటి మాటలతోనే మనం చాలా గదుల బయట నిలబడిపోయాం.

ఆ పేపరు పాసయి, అందులోనే పరిశోధన చేస్తున్నాక నాకు అర్థమైంది ఒకటుంది. ఈ చదువులో ఉన్న సంగతులు సగం మనకు ముందే తెలుసు. మన వాడల్లో వాటిని వేరే పేర్లతో అనుభవించాం. అంచేత ఆ చదువులో ఏముందో, అది మనకెందుకో విడమరిచి చెప్పటానికే ఈ వ్యాసం.

కళ్ళంలో రాశి

కంపెనీకి డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది? దానికి ఏ ధర కడుతుంది? ఎక్కడ పెడుతుంది? వచ్చిన లాభాన్ని ఎవరెంత పంచుకుంటారు? కార్పొరేట్ ఫైనాన్స్ అంతా ఈ నాలుగు ప్రశ్నలే. కింది క్లాసులో లెక్క వేయడం నేర్పుతారు. పై క్లాసులో ఆ లెక్క అలాగే ఎందుకు వేయాలో అడుగుతారు.

మొదటి పాఠం 1958లో ఫ్రాంకో మొడిగ్లియాని, మెర్టన్ మిల్లర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రాసిన సిద్ధాంతం. కంపెనీ తన పెట్టుబడిలో ఎంత అప్పు తెచ్చింది, ఎంత వాటాదారుల దగ్గర తెచ్చింది అన్నదాన్ని బట్టి కంపెనీ విలువ మారదన్నారు. మన మాటల్లో చెప్పాలంటే కళ్ళంలో ధాన్యం రాశి ఉంది. అందులో కామందు వాటా ఎంత, షావుకారు బాకీ కింద పోయేది ఎంత అన్నది వేరే సంగతి. పంచే పద్ధతి మారినంత మాత్రాన రాశి పెరగదు.

అయితే దీనికి కొన్ని షరతులున్నాయి. పన్నులుండకూడదు. దివాళా ఖర్చులుండకూడదు. సమాచారం అందరికీ ఒకేలా తెలియాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, కంపెనీకి ఏ వడ్డీకి అప్పు పుడుతుందో మామూలు మనిషికీ అదే వడ్డీకి పుట్టాలి. ఈ షరతు దగ్గర క్లాసులో అందరూ రాసుకుంటూ ముందుకు పోయారు. నేను ఆగిపోయాను. మా అమ్మ నా డిగ్రీ ఫీజు కోసం తెచ్చిన అప్పు నూటికి నెలకు మూడు రూపాయలు. అంటే ఏడాదికి 36 శాతం. పై చదువంతా ఈ షరతుల్ని ఒక్కొక్కటే తీసేస్తే ఏమవుతుందో చూడటమే. మనం పుట్టిందే ఆ షరతులు లేనిచోట.

పన్ను సంగతి చూడండి. 1963లో ఆ ఇద్దరే తమ లెక్కను సవరించారు. కంపెనీ కట్టే వడ్డీని ఖర్చు కింద తీసేశాకే ఆదాయ పన్ను వేస్తారు. లెక్క కోసం పన్ను 25 శాతం అనుకుందాం. 100 రూపాయలు సంపాదించిన కంపెనీకి అప్పు లేకపోతే 25 పన్ను పోగా 75 మిగుల్తుంది. అదే కంపెనీ 40 రూపాయలు వడ్డీ కడితే మిగిలిన 60 మీదే పన్ను, అంటే 15. అప్పిచ్చినవాడికి 40, యజమానికి 45, కలిపి 85. ఎక్కువొచ్చిన ఆ 10 రూపాయలు ప్రభుత్వానికి రావలసిన పన్నే. కంపెనీ వడ్డీకి ఖజానా చేయూతనిస్తుంది. మా అమ్మ వడ్డీకి ఆ చేయూత లేదు.

ముందుచూపు ఎవరికి లేదు?

రెండో పాఠం డిస్కౌంటింగ్. రేపు వచ్చే రూపాయి ఇవ్వాళ్టి రూపాయితో సమానం కాదు. ఎంత తక్కువ అన్నది మనకు డబ్బు ఏ ధరకు దొరుకుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. పదేళ్ళ తర్వాత వచ్చే 100 రూపాయలకు, 12 శాతం లెక్కన ఇవ్వాళ్టి విలువ సుమారు 32 రూపాయలు. 36 శాతం లెక్కన 4 రూపాయల 62 పైసలు.

ఈ రెండు అంకెలూ కాగితం మీద వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 'మీవాళ్ళకు ముందుచూపు ఉండదు, పిల్లల్ని చదివించకుండా కూలికి తోలతారు' అని ఊళ్ళో పెద్దమనుషులు చిన్నప్పట్నించీ అంటుంటే విన్నాను. బడి మానిన మా అన్న పదేళ్ళ తర్వాత తెచ్చే జీతం, ఆ వడ్డీల మధ్య బతికే ఇంటికి నూటికి నాలుగున్నర రూపాయల విలువే చేస్తుంది. అదే ముందుచూపు బ్యాంకు అప్పు దొరికే ఇంట్లో 32 రూపాయలవుతుంది. లోపం మావాళ్ళ బుద్ధిలో లేదు, వడ్డీ రేటులో ఉంది. ఆ రేటు పెట్టింది మావాళ్ళు కాదు. ఇది ఉపన్యాసంలో చెప్తే ఆవేశమంటారు. ఫార్ములాలో చూపిస్తే కాదనలేరు.

1976

మూడో పాఠం ఏజెన్సీ సిద్ధాంతం. 1976లో మైకేల్ జెన్సెన్, విలియం మెక్లింగ్ రాశారు. సొమ్ము ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అయినప్పుడు మూడు రకాల నష్టముంటుందన్నారు: మేనేజరు మీద నిఘా పెట్టే ఖర్చు, తాను మోసం చెయ్యనని మేనేజరు తనను తాను కట్టేసుకునే ఖర్చు, ఎంత చేసినా మిగిలే నష్టం.

అదే 1976లో మన దేశంలో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. మా తాత అప్పు కింద పాలేరుగా ఉన్నాడు. ఆయన మీద నిఘా ఉండేది. అప్పుకు ఆయన తన ఒంటినే కట్టేశాడు. కంపెనీ వాటాదారుకి మాత్రం పరిమిత బాధ్యత ఉంటుంది. కంపెనీ మునిగితే వాటా డబ్బే పోతుంది, ఇల్లు వాకిలి జోలికి ఎవరూ రారు. రిస్కు భరించేది వాటాదారే, అంచేత మిగిలిన లాభం అతనిదే అని పుస్తకం చెప్తుంది. ఒళ్ళు తాకట్టు పెట్టినవాడి రిస్కును ఏ కాలమ్‌లో వెయ్యాలో ఆ పుస్తకంలో నాకు కనిపించలేదు.

విశాఖ ఉక్కు

ఇదంతా మన ఉద్యమాలకెందుకు? విశాఖ ఉక్కు కర్మాగారం తీసుకోండి. 1966 ఉద్యమంలో ప్రాణాలిచ్చి సాధించుకున్నది. 2021 జనవరిలో కేంద్రం నూటికి నూరు శాతం అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నష్టాలొస్తున్నాయి, ఎన్నాళ్ళు మోస్తాం అన్నారు. మనం 'ఆంధ్రుల హక్కు' అన్నాం. సరైన నినాదమే. కానీ నష్టం అన్న మాటను విప్పి చూడాలి. ఆ కర్మాగారానికి సొంత ఇనుప ఖనిజం గనులు లేవు. గనులున్న కంపెనీతో పోటీపడుతూ ఖనిజం కొనుక్కోవాలి. దాని మీద అప్పులు, వాటి వడ్డీ. ఉక్కు తయారీలో వచ్చిన నష్టమెంత, గనులివ్వకపోవడం వల్ల వచ్చిందెంత, వడ్డీ వల్ల వచ్చిందెంత అని విడదీయగలిగితే కార్మికుడి జీతం మీద నింద నిలబడదు.

2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో 10,300 కోట్లు ఈక్విటీ. మిగిలిన 1,140 కోట్లు అప్పుని ప్రిఫరెన్స్ వాటాలుగా మార్చడం. ఇది పెట్టుబడి అమరిక మార్పు. వడ్డీ బరువు తగ్గుతుంది, గని మాత్రం రాదు. ఈ తేడా చెప్పగలిగినవాడు మన వేదిక మీద ఉండాలి.

ఇంకో సంగతి. కంపెనీని అమ్మేటప్పుడు రాబోయే నగదును డిస్కౌంటు చేసి విలువ కడతారు. ప్రభుత్వ రంగంలో ఎస్.సి., ఎస్.టి., బి.సి.లకు రిజర్వేషన్లున్నాయి. ప్రైవేటు యజమానికి ఆ బాధ్యత రాజ్యాంగం పెట్టలేదు. అమ్మకంతో పోయే ఆ ఉద్యోగాల విలువ ఏ నగదు లెక్కలోనూ రాదు. లెక్కలో రానిది పోయినా నష్టం కనపడదు.

ఎవరు కూచుంటారు ఆ గదిలో

2012లో 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఒక అధ్యయనం వచ్చింది. దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల 2010 నాటి డైరెక్టర్ల బోర్డుల్ని కులం వారీగా చూశారు. దాదాపు 93 శాతం అగ్రకులాలవాళ్ళే. ఎస్.సి., ఎస్.టి.లు కలిపి మూడున్నర శాతం. బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లుంటే యజమాని ఆటలు సాగవని పుస్తకం చెప్తుంది. అందరూ ఒకే బంధువర్గమైతే ఎవరు ఎవరి మీద నిఘా పెడతారు? ఈ ప్రశ్న మన పరిశోధకులు వెయ్యాలి.

ఇది మనకు కొత్త దారేం కాదు. అంబేద్కర్ 1915లో కొలంబియాలో ఎం.ఏ. కోసం రాసిన వ్యాసం ఈస్టిండియా కంపెనీ పాలన, ఆర్థిక వ్యవహారాల మీదే. 1833 చార్టర్ చట్టం ఆ కంపెనీ వ్యాపారాన్ని ఆపింది కానీ, దాని వాటాదారులకు ఏటా నూటికి పదిన్నర డివిడెండు భారతదేశపు ఆదాయం నుంచి కట్టమంది. వ్యాపారం లేని కంపెనీకి డివిడెండు, అది కట్టేది రైతూ కూలీ. అంతకన్నా పెద్ద కార్పొరేట్ ఫైనాన్స్ పాఠమేముంది? 1923లో ఆయన రూపాయి సమస్య మీద లండన్‌లో డి.ఎస్‌సి. పొందాడు. ఆయన విగ్రహం చేతిలో రాజ్యాంగం పెట్టాం, మంచిదే. ఆయన బల్ల మీద లెక్కల పుస్తకం కూడా ఉండేదని మర్చిపోయాం.

ఉపాధ్యాయ మిత్రులు లెక్కల్లో చురుగ్గా ఉన్న మన పిల్లల్ని సులువైన పేపరు వైపు తొయ్యొద్దు. విద్యార్థులు ఇంగ్లీషు చూసి బెదరొద్దు. ఆరు నెలలు గుంపుగా కూచుని చదివితే ఆ మాటలు లొంగుతాయి. కార్యకర్తలు తమ ఊరి పక్క ఫ్యాక్టరీ వార్షిక నివేదిక తెప్పించుకుని మూడు అంకెలు చూడండి: వడ్డీకి ముందు లాభమెంత, వడ్డీ ఎంత, జీతాలెంత. మొదలు అక్కడ పెట్టొచ్చు.

మా అమ్మకు చదువు రాదు. కానీ ఎవరికెంత బాకీ, ఏ నెలకు వడ్డీ ఎంతయిందో వేళ్ళ మీద చెప్తుంది. పద్దు పుస్తకం మాత్రం షావుకారు దగ్గరుండేది. ఆ పుస్తకం చదవడం నేర్చుకోవటానికే నేను ఈ సబ్జెక్టు చదువుతున్నాను.