చేటలో ఏరి పారేస్తున్నది ప్లాస్టిక్ కాదు

కోటా బియ్యంలో ప్లాస్టిక్ కలిపేస్తున్నారన్న వీడియో మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. స్టీలు గిన్నెలో నీళ్లు, నీళ్ల మీద తేలుతున్న నాలుగు తెల్లగింజలు, వెనక నుంచి ఆవేశంగా ఒక గొంతు. చూసి నవ్వుకుని వదిలేస్తే ఏ గొడవా లేదు. వదిలేయడం లేదు. ఇల్లాళ్లు అరుగు మీద చేట పెట్టుకుని, ఆ గింజల్ని ఒక్కొక్కటే ఏరి టీ సాసరులో వేసి, సాసరు తీసుకెళ్లి కాలవలో బోర్లిస్తున్నారు. అంత ఓపిక లేనివాళ్లు బస్తా మొత్తం వీధిలోకి వచ్చే ఆటోవాడికి పదికో పదిహేనుకో ఇచ్చేసి, కొట్టులో కిలో యాభైకి పైగా పెట్టి కొంటున్నారు. అంగన్‌వాడీకి పంపితే పిల్లలకి ప్లాస్టిక్ పెడతారేమోనని మానిపించిన తల్లులూ ఉన్నారు.

ఆ గింజ ఏమిటో చెప్పడం కష్టమేమీ కాదు, మొదట్లోనే చెప్పాల్సినవాళ్లు చెప్పలేదంతే. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, తడిపి ముద్ద చేసి, వేడి మీద మరలో సేమియా వత్తినట్టు వత్తి, బియ్యపు గింజంత ముక్కలుగా కోసి ఆరబెడతారు. ఈ గింజల్ని వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారు. అదే ఫోర్టిఫైడ్ బియ్యం. బస్తా మీద ‘ప్లస్ ఎఫ్’ గుర్తు ఉండేది అందుకే. 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద ప్రకటించారు. ముందు అంగన్‌వాడీలకి, బడి భోజనానికి ఇచ్చారు. 2024 మార్చి నాటికి దేశమంతటా రేషన్ దుకాణాలకి చేర్చారు. దాచిపెట్టి కలిపింది కాదు. కానీ డిపో ముందు వరసలో నిలబడ్డ మనిషికి ఎర్రకోట ప్రసంగం ఎవరు చదివి వినిపిస్తారు?

పిండితో చేసిన గింజ కాబట్టి పొలంలో పండిన గింజలా ఉండదు. మామూలు బియ్యాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. మొలక ఊడిపోయిన చోట ఒక చివర చిన్న నొక్కు ఉంటుంది. మరలో వత్తిన గింజకి ఆ నొక్కు ఉండదు. అన్నీ ఒకే పొడవు, ఒకే మందం, రంగు కాస్త పాలిపోయి ఉంటుంది. వత్తినప్పుడు లోపల గాలి చిక్కుకుంటే నీళ్లలో తేలుతుంది కూడా. వీడియోలో చూపించే ‘రుజువు’ ఇంతే. తేలేదంతా ప్లాస్టిక్కే అయితే తాలు గింజనీ, పుచ్చు కందినీ కూడా ప్లాస్టిక్కే అనాలి.

ఇక అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగిరిందంటారు. ఎగురుతుంది. అన్నంలో ఉన్నది జిగురు, గట్టిగా నొక్కితే ముద్ద సాగుతుంది, కొడితే ఎగురుతుంది. మీ ఇంటి సోనామసూరితో చేసినా అంతే. కాలిస్తే నల్లబడి మండిందంటారు. పిండిపదార్థం మండక ఏం చేస్తుంది? పురుగు పట్టలేదంటారు, మరుసటి నెల పురుగు పట్టిందని అదే నోటితో తిడతారు. చైనా నుంచి వస్తోందట! ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశంలో కూర్చుని నమ్ముతున్న మాట ఇది.

లెక్కయినా వేసుకోవాలి కదా. రేషన్‌లో ఇచ్చే బియ్యం సేకరించి, నిలవ చేసి, పంచడానికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు కిలోకి దాదాపు 40 రూపాయలు. ప్లాస్టిక్ వస్తువులు చేసే ముడి గుళికల ధర అంతకంటే చాలా ఎక్కువ. ఖరీదైన సరుకు తెచ్చి చవక సరుకులో కలిపే కల్తీదారుని ఎవరూ చూసి ఉండరు. 2017 జూన్‌లో హైదరాబాద్‌లో ఇదే గోల లేచింది, పౌరసరఫరాల శాఖ నమూనాలు తీసి పరీక్షిస్తే ప్లాస్టిక్ లేదని తేలింది. అప్పటికి రేషన్‌లో ఈ గింజల ఊసే లేదు. అంటే పుకారు ముందు పుట్టింది, దానికి ఆధారంగా చూపించడానికి గింజ తర్వాత దొరికింది.

ఇంకా అనుమానం ఉంటే ఆ గింజల్ని విడిగా చిన్న గిన్నెలో పావుగంట ఉడికించి వేళ్లతో నలపండి. మెత్తగా నలిగి పిండవుతుంది. బకెట్టు ముక్క ఎంత ఉడికించినా నలగదు. గాయాలకి రాసే అయోడిన్ మందు చుక్క వేస్తే నల్లటి నీలం రంగుకి తిరుగుతుంది, అది పిండిపదార్థానికే వచ్చే రంగు. పరీక్షించిన గింజ మాత్రం పారేయండి, తినొద్దు.

ఇంతా చేసి పారేస్తున్నది ఏమిటి? కిలో ఫోర్టిఫైడ్ బియ్యంలో ఐరన్ 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల దాకా ఉండాలన్నది ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి నెలకి వచ్చే 5 కిలోలని 30 రోజులకి పంచితే రోజుకి 167 గ్రాములు. అందులో వచ్చే ఐరన్ 5 నుంచి 7 మిల్లీగ్రాములు. ఆడవాళ్లకి రోజుకి కావలసింది 29. తక్కువేగా అనకండి, పాలిష్ బియ్యంలో మామూలుగా అదీ ఉండదు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. చేట ముందు కూర్చుని ఏరేది వాళ్లే.

అలాగని ఈ బియ్యం తింటే రక్తహీనత మాయమవుతుందని పోస్టర్లు వేసేవాళ్లని నమ్మమనడం లేదు. అది సర్కారువారి అపోహ. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలని 2019లో కోక్రేన్ సంస్థ జల్లెడ పడితే, ఐరన్ కలిపిన బియ్యంతో రక్తహీనతలో పెద్ద తేడా ఉండకపోవచ్చనే తేలింది. తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్ల కోసం మొదట్లో ప్యాకెట్ మీద హెచ్చరిక ఉండాలనేవారు. తర్వాత నిపుణుల కమిటీ ప్రమాదం లేదందని తీసేశారు. ఏజెన్సీ ఊళ్లలో సికిల్ సెల్ ఉన్న ఇళ్లు మాత్రం వాట్సాప్‌ని కాకుండా డాక్టరుని అడగాలి.

ఈ పుకారుకి పెద్దన్నలాంటిది మరొకటి ఉంది: ‘ఉచిత బియ్యం వస్తున్నాయి, ఇంక వాళ్లకి తిండికి లోటేముంది, పనికి రమ్మంటే రారు.’ ఈ మాట అనేవాళ్లు ఒక్క వారం ఆ బియ్యంతో తిని చూడాలి. రైస్ కుక్కరుతో పాటు ఇచ్చే కొలత కప్పులో దాదాపు 150 గ్రాములు పడతాయి. మనిషి కోటా అంటే రోజుకి ఆ కప్పుడు, పైన ఇంకాస్త. మూడు పూటలకీ అదే. తెలంగాణలో 6 కిలోలు ఇస్తారు కాబట్టి కప్పు మీద ఇంకో మూడోవంతు. 167 గ్రాముల బియ్యంలో వచ్చేది 600 కేలరీల లోపు. ఓ మోస్తరు శ్రమ చేసే మగవాడికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క 2,710. ప్రొటీన్ 54 గ్రాములు కావాలి, బియ్యంలో వచ్చేది 13. మిగతాదంతా, పప్పు, నూనె, కూర, గ్యాసు, కొనుక్కోవాల్సిందే. తాపీ పనికి వెళ్లే మనిషి మధ్యాహ్నం ఒక్క పూటే ఆ కప్పుడు బియ్యం అన్నం తినేస్తాడు.

2011లో నగరంలో రోజుకి 32 రూపాయలు ఖర్చు పెట్టగలిగితే పేద కాదని ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకి చెప్పినప్పుడు, తుషార్ వశిష్ఠ్, మ్యాట్ చెరియన్ అనే ఇద్దరు యువకులు అలాంటి కొద్దిపాటి డబ్బుతో బతికి చూశారు. మాంసం మానేసి ప్రొటీన్ కోసం సోయా, కేలరీల కోసం పార్లే-జి బిస్కెట్లు పట్టుకున్నారు. రోజంతా తిండి గురించిన ఆలోచనే అయిందని చెప్పారు. వాళ్లకి ఆ పరీక్షకో ముగింపు తేదీ ఉంది.

‘కార్డున్నవాళ్లు బియ్యం అమ్ముకుంటారు’ అన్నది ఒప్పుకోక తప్పదు. అమ్ముకుంటారు. కోటా బియ్యం కాకినాడ రేవు దాకా వెళ్లి ఓడెక్కుతున్న సంగతి 2024 చివర్లో రాష్ట్రమంతా చూసింది. అయితే కార్డుదారులంతా దొంగలని కాదు. లావు బియ్యం పిల్లలు తినరు, ప్లాస్టిక్ పుకారు దానికి తోడు. తెలంగాణ 2025 ఉగాదికి సన్న బియ్యం పథకం మొదలుపెట్టిందంటే ఈ కారణం తెలిసే. నష్టపోతున్నదీ అమ్మేవాళ్లే: నలుగురి ఇంటికి 20 కిలోలు, కిలోకి 40 తేడా వేసుకున్నా నెలకి 800. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే వందకి పైగా గుడ్లు.

రెండుసార్లు కడిగితే చాలు, తేలిన గింజల్ని నీళ్లతో పాటు పారబోయకండి. గంజి వార్చకుండా వండండి, వార్చే అలవాటుంటే ఆ గంజి తాగండి, ఒకప్పుడు తాగినవాళ్లమే. అన్నంతో నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే ఐరన్ ఒంటికి పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే పడదు, ఓ గంట ఆగండి. లావుగా ఉందనిపిస్తే ఇడ్లీ, దోసెల పిండికి వాడుకోండి. అమ్మడం కంటే అది లాభం.  మీ కోపం ఎక్కడ చూపాలో కూడా చెబుతా: వేలిముద్ర వేశాక మిషన్‌లోంచి వచ్చే రసీదు అడిగి తీసుకోండి, బియ్యం కాటా మీద పెట్టించండి, తూకం తగ్గినా, ముక్కిపోయిన సరుకిచ్చినా 1967కి ఫోన్ చేయండి.