రేకును మలచిన అన్నదమ్ములు

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో, లాస్ ఏంజిలీసు మహానగరమునకు దక్షిణముగా లిన్‌వుడ్ అను పట్టణము కలదు. 1952వ సంవత్సరమున బాబ్ హిరోహటా అను యువకుడు ఆ ఊరిలోని యొక కార్ఖానాకు తన కారును తోలుకొని వచ్చెను. ఆ కారు దెబ్బ తిన్నది కాదు. దానికి సొట్టలు లేవు, త్రుప్పు లేదు. అది 1951వ సంవత్సరపు మెర్క్యురీ బండి. ఇంకను కొత్తదనము వీడలేదు. అట్టి బండిని కార్ఖానావారు ఒప్పుకొని, మొదట చేసిన పని దాని కప్పును కోసివేయుట!

ఇది వినువారికి వెర్రిగా తోచును. కాని ఆ కార్ఖానా అట్టి పనికే పేరు పొందినది. దాని యజమానులు శాం బారిస్, జార్జి బారిస్ అను అన్నదమ్ములు. వీరు గ్రీకు సంతతివారు. చికాగో నగరమున జన్మించి, చిన్ననాటనే తల్లిదండ్రులను కోల్పోయి, కాలిఫోర్నియాలో బంధువుల యింట పెరిగిరి. అన్నయగు శాం మితభాషి. సుత్తియు, గ్యాసు మంటయు అతని చేతిలో చెప్పినట్లు వినెడివి. తమ్ముడగు జార్జి రంగులు వేయుటలో నేర్పరి. అంతకంటె ఫోటోలు తీయుటయందును, పత్రికలలో వ్రాసి తమ పనిని పదిమందికి తెలుపుటయందును మిక్కిలి నేర్పరి. ఆంగ్లములో ‘సి’ అక్షరముతో మొదలు పెట్టవలసిన ‘కస్టం’ అను మాటను ‘కె’ అక్షరముతో వ్రాసి, దానినే తమ కార్ఖానాకు గురుతుగా చేసికొన్నవాడతడు. లోకమున జార్జి పేరే ఎక్కువగా వినబడును. కాని నేను చెప్పబోవు కథలో కష్టమైన పని చాలవరకు శాం చేతిదని మరువరాదు.

కర్మాగారములలో కార్లు వేలకొలది తయారగును. ఒకదానికిని మరియొకదానికిని భేదముండదు. దర్జీ మనిషిని కొలిచి బట్ట కుట్టినట్లు, యజమాని అభిరుచిని బట్టి ఒక్క బండిని మాత్రము మార్చి కట్టుటయే కస్టం పని. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట కాలిఫోర్నియా యువకులలో ఈ వేడుక మిక్కిలి ప్రబలెను. వారు ఏరి కోరి తెచ్చుకొన్న బండ్లలో మెర్క్యురీ ముఖ్యమైనది. ఫోర్డు సంస్థవారు 1949 నుండి 1951 వరకు తయారు చేసిన ఈ బండి గుండ్రని మేనితో, బరువైన నడుముతో నుండెడిది. చూచినవారికి ‘ఇంకను కొంచెము క్రుంగియుండిన ఎంత బాగుండును!’ అని తోచెడిది. (మెర్క్యురీ అను పేరుతో కార్లు తయారగుట 2011లో ఆగిపోయినది.)

ఆ బండి కట్టుబడిని గూర్చి ఒక మాట చెప్పవలెను. విజయవాడ ఆటోనగరులో లారీలకు బాడీ కట్టుట మీలో కొందరు చూచియుందురు. క్రింద ఇనుప చట్రము, అనగా ఛాసిస్, వేరుగా వచ్చును. దానిపై మేస్త్రీలు బాడీ నిలబెట్టుదురు. మెర్క్యురీ కారుకును ఇట్లే చట్రము వేరు, పై రేకు మేను వేరు. బరువును చాలవరకు మోయునది చట్రమే గనుక, పైనున్న మేనిని కోసి మార్చుటకు వీలు కలిగెను. నేటి కార్లలో చాలవాటికి చట్రము వేరుగా నుండదు. రేకు మేనియే ఎముకల గూడు. వాటి కప్పును ఇట్లు కోసిన బండి నడుము విరిగినట్లే యగును.

ఇక కప్పును కోయుట. దీనిని వారు ‘చాప్’ అందురు. కప్పును మోయు స్తంభములనుండి కొన్ని అంగుళముల మేర ముక్క తీసివేసి, కప్పును క్రిందికి దించి, తిరిగి అతుకుట. చెప్పుటకు ఇంతే. హిరోహటా బండికి ముందు భాగమున 4 అంగుళములు, వెనుక భాగమున 7 అంగుళములు తగ్గించిరి. అయితే అసలు చిక్కు కోయుటలో లేదు, అతుకుటలో ఉన్నది. ఒక వెదురు తట్టను నేలపై బోర్లించి, దాని నడుమ నుండి నాలుగు వ్రేళ్ళ వెడల్పున ఒక చుట్టు కోసి తీసివేయుడు. పై ముక్కను దించి క్రింది ముక్కపై పెట్టుడు. అంచులు కలియవు! పై ముక్క అంచు చిన్నది, క్రింది దాని అంచు పెద్దది. కారు పై భాగమును ఆ తట్టవంటిదే. ముందు స్తంభములు వెనుకకు వాలియుండును. వెనుక అద్దము ముందుకు వాలియుండును. ప్రక్కలు లోపలికి ఒరిగియుండును. కప్పు దించగనే నాలుగు మూలలును తప్పిపోవును.

దీనికి ఉపాయములు రెండు. కప్పును నడుమ ఖండించి, రేకు ముక్క చేర్చి పొడిగించుట యొకటి. స్తంభములను వేరొక వాలునకు వంచి కప్పు నందుకొనునట్లు చేయుట మరియొకటి. వెనుక అద్దముతో వేరొక బాధ. వంపు తిరిగి, కాచి గట్టిపరచిన అద్దమును కోయబోయిన అది గోరుముక్కలై రాలును. కావున అద్దమును కోయక, దానిని ముందుకు మరింత పరుండబెట్టి, చుట్టునున్న రేకును దానికి తగినట్లు మలతురు. హిరోహటా బండిలో వెనుక భాగము ముందుకంటె ఎక్కువ దిగుటచేత కప్పు గీత వెనుకకు జారుచు, ప్రవాహము కట్ట దిగినట్లు కనబడును.

శాం అంతటితో ఊరకుండలేదు. ముందు తలుపునకును వెనుక కిటికీకిని నడుమ నున్న స్తంభమును పూర్తిగా తీసివేసెను. దాని స్థానమున, ప్రక్క అద్దములకు విల్లువలె వంగిన సన్నని చట్రమును అమర్చెను. అందమునకు ఇది ప్రాణమైనది. కాని కప్పునకు నడుమ ఆధారము పోయినది. ఒకసారి కోసిన పిమ్మట వెనుకకు మరలుట లేదు. మరియొకరి బండిపై, వారి సొమ్ముపై, రంపము పెట్టు క్షణమున మేస్త్రీ గుండె ఎట్లు కొట్టుకొనునో మనము ఊహింపవలసినదే.

కారు రేకు మందము దాదాపు 1 మిల్లీమీటరు. ఆక్సిజన్, ఎసిటిలీన్ వాయువులు కలిసి మండు మంట 3000 డిగ్రీల సెంటీగ్రేడు మించిన వేడి గలది. అంత వేడిని అంత పలుచని రేకుపై ఒక్కచోట నిలిపిన అది ఉబ్బి, చల్లారునపుడు ముడుచుకొని, వేడి నూనెలో అప్పడమువలె వంకరలు పోవును. కావున నేర్పరి ఒక కొననుండి మరొక కొనకు ఏకబిగిని అతుకడు. ఇక్కడ ఒక చుక్క, అల్లంత దూరమున ఒక చుక్క వేసి, రేకు చల్లారనిచ్చి, మరల నడుమ నొక చుక్క వేయును. పిదప రేకు వెనుక చేతి దాగలి నుంచి, ముందునుండి సుత్తితో తట్టి చదును చేయును. కన్నులకంటె అరచేయి ఇందు ఎక్కువ నమ్మదగినది. పాత మేస్త్రీలు రేకుపై అరచేతిని నెమ్మదిగా జరిపి, కంటికి కానరాని మిట్టపల్లములను కనుగొందురు.

ఎంత తట్టినను అతుకు గీత కొంత మిగులును. దానిని పూడ్చుటకు ఆ కాలమున సీసము వాడెడివారు. నూటికి 70 పాళ్ళు సీసము, 30 పాళ్ళు తగరము గల కడ్డీ యది. ఈ లోహమునకు వింత గుణము కలదు. 183 డిగ్రీలకు మెత్తబడ నారంభించును, దాదాపు 255 డిగ్రీలకు పూర్తిగా కరగును. ఈ రెంటి నడుమ అది గట్టియు కాదు, నీరును కాదు. వెన్నవలె చెప్పినట్లు వినును. ముందు రేకును తళతళలాడునట్లు తోమి, ద్రావకము పూసి, పలుచగా తగరపు పూత పూయవలెను. అటుపై కడ్డీని వేడి చేసి అద్ది, మైనము పూసిన చెక్క గరిటెతో పులుమవలెను. వేడి కొంచెము హెచ్చిన, పూసినదంతయు జారి నేలపై పడును. తగ్గిన పొడిపొడిగా రాలును. నిలువు రేకుపై ఈ పని చేయుట మరింత కష్టము. చల్లారిన పిదప ఆకురాయితో రాచి నునుపు చేయుదురు. ద్రావకపు శేషమును బాగుగా కడుగకున్న, కొన్నినెలలకు రంగు క్రిందనుండి బొబ్బలు లేచును. సీసపు ధూళి విషము. అది ఊపిరితో లోనికి పోయి నరములను, మూత్రపిండములను చెరచును. ఆ నాటి పనివారిలో అనేకులు ముఖమునకు గుడ్డయైన కట్టకుండ ఈ పని చేసిరి.

ఇంత సీసము మోయు బండ్లను జనులు ‘లెడ్ స్లెడ్’, అనగా మంచుపై జారెడు సీసపు బండి, అని పరిహాసముగా పిలిచిరి. పరిహాసమే బిరుదైనది. అయితే ఇందులో ఒక నిజము కలదు. రేకును సరిగా కొట్టలేనివాడు తన లోపమును సీసము క్రింద దాచును. మంచి మేస్త్రీకి పలుచని పొర చాలును. గోడ వంకరను సున్నముతో కప్పిపుచ్చు తాపీవాని కథయే ఇదియు.

మిగిలిన మార్పులను త్వరగా చెప్పెదను. తలుపు పిడులు తీసివేసి రంధ్రములు మూసిరి. దాచిన మీట నొక్కినచో విద్యుదయస్కాంతము గడియను లాగును. (బ్యాటరీ నిద్రపోయిన యజమాని వీధిలో నిలువవలసినదే గనుక, తెలివిగలవారు అట్టి బండ్ల క్రింద ఒక రహస్యపు తీగ నుంచుకొందురు.) ప్రక్కల నుంచిన మెరుగు పట్టీ బ్యూక్ కారుది, వెనుక దీపములు లింకన్ కారువి. పలుచోట్లనుండి తెచ్చిన ముక్కలైనను అతికించినట్లు తోచవు. ఒకే తల్లి బిడ్డలవలె కలిసిపోయినవి. పైన లేత సముద్రపు నురుగువంటి పచ్చరంగు, క్రింద ముదురు ఆకుపచ్చ వేసిరి. బండి లోపలి ముందు పలకపై సన్నని రంగు గీతలు గీసినవాడు వాన్ డచ్ అను పేర ప్రసిద్ధికెక్కిన చిత్రకారుడు.

1952 నవంబరులో లాస్ ఏంజిలీసున జరిగిన మోటోరమా ప్రదర్శనలో ఈ కారు నిలిచెను. జనులు దానిని ‘హిరోహటా మెర్క్’ అని పిలువసాగిరి. ఇక్కడ చరిత్రలోని మరియొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. హిరోహటా జపాను సంతతివాడు. అంతకు పది సంవత్సరములు ముందు, 1942లో, అమెరికా పశ్చిమతీరమున జపాను సంతతివారిని లక్షకు పైగా ఇండ్లు వాకిళ్ళు విడిపించి నిర్బంధ శిబిరములకు తరలించిరి. అదే తీరమున అట్టి సంతతికి చెందిన యువకుని పేరు ఒక కారునకు బిరుదై, యువకుల నోళ్ళలో నానుట చిన్న విషయము కాదు.

ప్రదర్శనలో నిలుచు బండి రోడ్డుపై నడువదని కొందరు ఎగతాళి చేయుదురు. హిరోహటా 1953లో దానికి కాడిలాక్ ఇంజను పెట్టించి, కాలిఫోర్నియానుండి ఇండియానాపోలిస్ నగరము వరకు ఎడారులు, కొండలు దాటి స్వయముగా నడుపుకొని పోయెను. నేలను రాయునంత క్రుంగిన బండితో అంత దూరము పోవుట సాహసమే. ఆ ప్రయాణ కథనమును ఆ ఏడు అక్టోబరులో ఒక మోటారు మాసపత్రిక ప్రచురించెను.

తరువాత బండి చేతులు మారెను. 1955లో విడుదలయిన ‘రన్నింగ్ వైల్డ్’ అను చలనచిత్రమున వేరు రంగుతో కనబడెను. క్రమముగా కొత్త వేడుకలు వచ్చినవి. పాత బండ్ల మోజు తగ్గినది. 1959లో ఒక పాఠశాల విద్యార్థి దానిని 500 డాలర్లకు కొనెను. కొంతకాలము నడిపి, పిదప ఇంటి గ్యారేజిలో నుంచెను. ఆ కుఱ్ఱవాడు పెద్దవాడై, సంసారియై, జుట్టు నెరసినను దానిని విడువలేదు. అనేక సంవత్సరముల శ్రమతో, 1952 నాటి రంగుతోనే తిరిగి పునరుద్ధరించెను. నన్నడిగిన, బారిస్ సోదరుల పని నేడు మనకు కనబడుటకు వారి నేర్పెంత కారణమో, ఈ విద్యార్థి పట్టుదలయు అంతే కారణము. ఆ కాలపు ప్రసిద్ధమైన కస్టం బండ్లు అనేకము తుక్కుగా పోయినవి.

శాం బారిస్ ఈ కీర్తినంతయు చూడలేదు. అతడు 1950ల నడుమనే కార్ఖానా విడిచి తన కుటుంబముతో ఉత్తరమునకు తరలిపోయి, 1967లో క్యాన్సరు వ్యాధితో మరణించెను. జార్జి 1966లో టెలివిజనులో వచ్చిన ‘బ్యాట్‌మాన్’ కథకు కారును సిద్ధపరచి లోకమంతట పేరు గాంచి, 2015 వరకు జీవించెను.

మన దేశమున ఇట్టి పనికి చట్టపు హద్దులు కలవు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయమును స్థిరపరచినది. నడుమ స్తంభము లేని కప్పు ఏమగునో ఎరిగినవారికి ఈ నిబంధన వింతగా తోచదు.

హిరోహటా మెర్క్ 2017లో అమెరికా జాతీయ చారిత్రక వాహనముల పట్టికలో చేరినది. 500 డాలర్లకు దానిని కొన్నవాడు మరణించిన పిమ్మట, 2022 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రమున జరిగిన వేలములో అది 21,45,000 డాలర్లకు అమ్ముడుపోయెను.