కారు కాస్తా బొంగరమైతే...!

ఆ రోజు మధ్యాహ్నం పప్పులో పోపు పెడుతున్నాను. ఇంకా రెండేళ్ళు నిండని మా చిన్నది హాల్లో ఆడుకుంటోంది. ఉన్నట్టుండి దాని సందడి ఆగిపోయింది. పిల్లలున్న ఇంట్లో చప్పుడు వినబడుతున్నంతసేపూ భయం లేదు, అది ఆగితేనే గుండె జారిపోతుంది కదూ! స్టవ్ కట్టేసి పరుగెత్తాను. దాని బుగ్గ ఒకవైపు ఉబ్బి ఉంది. నోరు తెరిపిస్తే నాలుక మీద నల్లటి చిన్న చక్రం!

కళ్ళకి కనబడుతోంది కాబట్టి తీసేయగలిగాను. కనబడనిదాన్ని వేలు పెట్టి వెతికితే ఇంకా లోపలికి జారిపోతుందని డాక్టర్లు చెబుతారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి.

ఆ చక్రం మావాడి ఎనిమిదో పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన కారుది. మీట నొక్కితే ఎగిరి, విచ్చుకుని, బొంగరంలా తిరిగే కారు. మూడు రోజులు బాగానే ఆడింది. నాలుగో రోజుకి స్ప్రింగు ఊడింది, ఐదో రోజుకి చక్రం ఊడింది. నేను ఆ కారుని చెత్తబుట్టలో పడేశాను. ఇంకేముంది, మావాడు శోకాలు మొదలుపెట్టాడు.

"నాకు కారూ కావాలి, బొంగరమూ కావాలి. చెల్లి నోట్లో పట్టకూడదు, అంతే కదా? అయితే నువ్వే చేసిపెట్టు" అన్నాడు.

వాడికి చెయ్యడమంటే ఉప్మా చెయ్యడమే! కానీ వాడి మాట నన్ను పట్టుకుంది. నిజమే, ఎందుకు చెయ్యకూడదు?

కారుది ఒక దారి, బొంగరానిది ఒక దారి

రూపం మార్చుకునే బొమ్మలు కొత్తేమీ కాదు. కారు కాస్తా రోబో అయ్యే 'ట్రాన్స్‌ఫార్మర్స్' బొమ్మలు 1984లో అమెరికా బజార్లోకి వచ్చాయి. అవి మొదట జపాన్‌లోని టకారా కంపెనీ చేసినవే. పిల్లలు పందేలు కట్టి తిప్పే 'బేబ్లేడ్' బొంగరాలను 1999లో తెచ్చిందీ ఆ కంపెనీయే. అంటే కారు మీద మోజూ, బొంగరం మీద మోజూ ఎరిగినవాళ్ళే ఆ రెంటినీ అమ్మారన్నమాట.

మరి ఆ రెండూ ఒకే బొమ్మలో ఇమడాలంటే చిక్కెక్కడుంది? కాగితం మీద బొమ్మ వేసి చూస్తే నాకు తెలిసొచ్చింది. కారు నాలుగు కాళ్ళ మీద నిలబడాలి. బొంగరం ఒంటికాలి మీద నిలబడాలి. కారుకి ముందూ వెనకా ఉంటాయి. బొంగరానికి అవి పనికిరావు, ఎటు చూసినా ఒకేలా ఉండాలి.

మన తిరగలిని గుర్తు తెచ్చుకోండి. పైరాయి బరువంతా చుట్టూ సమానంగా ఉంటుంది కాబట్టే ఒకసారి ఊపందుకున్నాక హాయిగా తిరుగుతుంది. అదే ఒక అంచు విరిగిన రాయైతే? గుడగుడలాడి చెయ్యి నొప్పెడుతుంది. బొంగరమూ అంతే. బరువు ఎంత అంచుల్లో ఉంటే అంతసేపు తిరుగుతుంది, ఎంత నేలకి దగ్గరగా ఉంటే అంత నిలకడగా ఉంటుంది.

నా మొదటి నమూనాకి అగ్గిపెట్టెలా పొడుగాటి ఒళ్ళు పెట్టాను. తిప్పగానే పక్కకి పడి ముక్కు నేలకేసి కొట్టుకుంది. రెండోసారి కారుని గుండ్రంగా అప్పడంలా కోశాను. ఇది బాగుంది గానీ, చక్రాలు నేలకి రాసుకుని ఆగిపోయింది. మధ్య పుల్లని పొడుగు చేస్తే ఒళ్ళు పైకెక్కి ఒరిగిపోయింది. పొట్టి చేస్తే మళ్ళీ చక్రాలు తగిలాయి. ఉప్పెక్కువైతే నీళ్ళు, నీళ్ళెక్కువైతే ఉప్పు... అలా అయింది నా పని.

కిటుకంతా రబ్బరు బ్యాండులోనే!

మూడోసారి దొరికింది అసలు కిటుకు. కారు మధ్యలో ఒక పెన్సిలు. అదే డ్రైవరు, అదే బొంగరం ములుకు. పెన్సిలుకి ఒకచోట రబ్బరు బ్యాండు బిగించి చుట్టాను. పెన్సిలుని పైనుంచి దూరిస్తే బ్యాండు అట్ట పైన ఆగుతుంది, మొన నేలకి తగలదు, చక్రాలు నేలమీద ఉంటాయి. అది కారు. అదే పెన్సిలుని కిందనుంచి దూరిస్తే బ్యాండు అట్ట కింద ఆగుతుంది, మొన చక్రాలకంటే కిందికి దిగుతుంది. అది బొంగరం!

రెంటికీ తేడా అట్ట మందమంతే. అట్ట ఎంత మందముంటే మొన అంత కిందికి దిగుతుంది. స్ప్రింగు లేదు, మీట లేదు, విరిగేది లేదు. మార్చేది పిల్లవాడి చెయ్యే.

కావలసినవి:

పాత అట్టపెట్టె (సామాను వచ్చే మామూలు పెట్టె చాలు), 12 సెంటీమీటర్ల పొడవున్న పెన్సిలు ముక్క 1, కొబ్బరి చీపురులోంచి లావుపాటి ఈనెలు 2, రబ్బరు బ్యాండు 1, పాత నోటుపుస్తకం కాగితాలు, మైదా 2 చెంచాలు.

తయారుచేసే విధానం:

ముందుగా మైదాని చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, సన్నని సెగ మీద జిగురయ్యేదాకా ఉడికించి చల్లార్చండి. పురుగు పట్టకుండా కొందరు ఇలాంటి జిగురులో మైలతుత్తం కలుపుతారు. పిల్లల బొమ్మ కాబట్టి మీరు మాత్రం కలపకండి, అది విషం.

12 సెంటీమీటర్ల వెడల్పున్న స్టీలు డబ్బా మూత పెట్టి అట్ట మీద గీసి, ఐదు బిళ్ళలు కోయండి. ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికించి, రాత్రంతా బియ్యం డబ్బా కింద ఉంచండి. ఆరాక మందం ఒకటిన్నర సెంటీమీటర్లు రావాలి. తక్కువైతే ఇంకో బిళ్ళ వేయండి.

నడిమధ్య ఎక్కడో కనుక్కోవడానికి అదే మూతతో కాగితం గుండ్రంగా కోసి, రెండుసార్లు సగానికి మడిచి విప్పండి. మడతలు కలిసినచోటే నడుమ. అక్కడ దబ్బనంతో గుచ్చి, పెన్సిలు బిగుతుగా పట్టేలా చిల్లు చేయండి. వదులైతే పెన్సిలు ఒక్కటే తిరుగుతుంది, కారు కదలదు.

చక్రాలకి 3.5 సెంటీమీటర్ల వెడల్పున ఎనిమిది చిన్న బిళ్ళలు కోసి, రెండేసి చొప్పున అతికిస్తే నాలుగు చక్రాలవుతాయి. ఈనెలని 14 సెంటీమీటర్ల చొప్పున కోయండి. ఒక్కో ఈనె చుట్టూ కాగితాన్ని వదులుగా నాలుగైదు చుట్లు చుట్టి, అంచు అతికించి, 12.5 సెంటీమీటర్ల గొట్టం చేయండి. గొట్టంలో ఈనె తేలిగ్గా తిరగాలి. ఈ రెండు గొట్టాలనీ అట్ట అడుగున, చిల్లుకి ఇటూ అటూ రెండున్నర సెంటీమీటర్ల దూరంలో, ఒకదానికొకటి సమానంగా అతికించండి. ఈనెల చివర చక్రాలు గుచ్చి, జిగురుతో గట్టిగా బిగించండి. చక్రాలు అట్ట అంచుకి బయటే ఉండాలని మరిచిపోకండి.

చివరగా పెన్సిలు మొన నుంచి మూడుంబావు సెంటీమీటర్లు కొలిచి, అక్కడ రబ్బరు బ్యాండుని గుబ్బలా దళసరిగా చుట్టండి. మొనని గరుకు నేల మీద కాస్త రాసి మొద్దు చేయండి. పెన్సిలు పైభాగాన కళ్ళూ మీసాలూ గీస్తే డ్రైవరు తయారు! టోపీ మాత్రం పెట్టకండి, చిల్లులో పట్టదు.

తిరక్కపోతే కంగారు పడకండి

బ్యాండు అట్ట కిందికి వచ్చేలా పెన్సిలు దూర్చి, నున్నటి నేల మీద నిలబెట్టి, రెండు అరచేతుల మధ్యా కవ్వంలా తిప్పి వదలండి. ఒకపక్కకే లాగుతోందంటే ఆ పక్క బరువెక్కువన్నమాట. పెన్సిలుని అడ్డంగా, రెండు చివరలూ వేళ్ళమీద ఆనించి పట్టుకోండి. బరువైన పక్క తనంతట తానే కిందికి దిగుతుంది. ఎదుటి పక్కన చిన్న అట్టముక్క అతికిస్తే సర్దుకుంటుంది. చక్రాలు నేలకి తగులుతుంటే బ్యాండుని ఒక్క గింజ పైకి జరపండి. మరీ ఎక్కువ జరిపితే కారుగా ఉన్నప్పుడు మొన నేలకి రాసుకుంటుంది. మా కారు మొదటిరోజు నేను పది లెక్కపెట్టేదాకా తిరిగింది.

ఇంకో సరదా! దీన్ని తెల్లకాగితం మీద తిప్పితే పెన్సిలు మొన తనే చుట్టలు చుట్టలుగా ముగ్గు వేస్తుంది. మావాడు ఆ కాగితాలన్నీ దాచుకున్నాడు.

ఏటికొప్పాకలో...

అట్టబొమ్మ ఎన్నాళ్ళుంటుంది? నీళ్ళు తగిలితే గోవిందా! అందుకే దసరా సెలవుల్లో ఆ అట్టకారుని సంచిలో పెట్టుకుని, మా అనకాపల్లి నుంచి ఏటికొప్పాక వెళ్ళాం. వరాహ నది ఒడ్డునున్న ఊరు. అక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగుల బదులు పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటివాటితో రంగులు తీసే పద్ధతికి ప్రాణం పోసిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025లో ఢిల్లీ రిపబ్లిక్ డే ఊరేగింపులో మన రాష్ట్ర శకటం మీద కొలువుదీరినవీ ఈ బొమ్మలే.

అంకుడు కర్రని లేతు మిషను మీద బిగించి తిప్పుతూ, ఉలితో చెక్కుతూ, తిరుగుతున్న కర్రకే రంగు లక్క బద్దని ఆనిస్తారు. రాపిడికి పుట్టే వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. చూస్తుంటే నాకొకటి తట్టింది. కొండపల్లి బొమ్మలా చేత్తో చెక్కింది కాదిది, తిరుగుతూ తయారయ్యేది. లేతు మీద పుట్టిన ప్రతి వస్తువూ పుట్టకముందే బొంగరం. అందుకే దానికి సమతూకం వేరే వెతుక్కోనక్కరలేదు!

నా అట్టకారుని ఒక పెద్దాయన చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు. "రబ్బరు బ్యాండు ఎందుకమ్మా, పుల్లకే మెడలో కంటెలాగ చెక్కేద్దాం. ఊడేది ఉండదు. మొన కూడా గోళీలా నున్నగా తిప్పుతాను, మేకు వద్దు" అన్నారు. నేను వారం రోజులు తిప్పలు పడ్డది ఆయనకి ఒక్క మాటలో తేలిపోయింది.

కొనేముందు ఒక్క క్షణం

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. రిజిస్టరైన చేతివృత్తులవారికీ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఉంది. కాబట్టి అక్కడ మన కళ్ళే మనకి ఐ.ఎస్.ఐ.! మూడేళ్ళలోపు పిల్లలకిచ్చే బొమ్మల్లో చిన్న ముక్కలని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం వాడతారు. దాంట్లో పూర్తిగా పట్టే ముక్క పసిపిల్లల గొంతుకి ప్రమాదం. మన పది రూపాయల నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు. దానికంటే కాస్త పెద్ద గొట్టం కాగితంతో చుట్టి ఇంట్లో ఉంచుకోండి. చక్రాన్ని ఒకసారి లాగి చూడండి. చేతికి ఊడొచ్చి గొట్టంలో పట్టిందంటే ఆ బొమ్మ పసివాళ్ళున్న ఇంటికి రాకూడదు. నేను అట్టచక్రాలని మూడున్నర సెంటీమీటర్లు చేసింది అందుకే.

అయినా పెన్సిలు మొనా, రబ్బరు బ్యాండూ ఉన్న అట్టకారు ఐదేళ్ళు దాటినవాళ్ళకే. ఆట అయ్యాక అటక మీదికే. చెక్క కారులోనూ పుల్ల ఊడి చేతికొస్తుంది కాబట్టి, అది కూడా మా చిన్నది కాస్త పెద్దయ్యాకే.

ఏటికొప్పాక నుంచి చెక్క కారు వచ్చిన రోజు సాయంత్రం, మావాడు ట్యూషన్‌కి వెళ్ళాక, హాల్లో గరగరమని చప్పుడు. తొంగిచూస్తే మా అత్తయ్యగారు! చాప మడిచి పక్కన పెట్టి, నేల మీద ఒక్కరే కూర్చుని, కారుని బొంగరం చేసి తిప్పుతున్నారు. మజ్జిగ చిలికిన చేతులు కదా, మావాడు తిప్పినదానికి రెట్టింపు సేపు తిరుగుతోంది.

నన్ను చూసి కాస్త సిగ్గుపడ్డారు. "మా అన్నయ్యలు వీధిలో బొంగరాలాడుతుంటే నేను గుమ్మంలోంచి చూసేదాన్నే. ఆడపిల్లవి, నీకు బొంగరమేంటే అని మా అమ్మ కేకలేసేది" అన్నారు. కాసేపాగి, "చిన్నదానికి ఐదో ఏడు రానీ. దానికీ ఒకటి చేయించు. ఎర్రది" అన్నారు.

ఎర్ర కారు డబ్బు అప్పుడే పోపులపెట్టెలో పక్కన పెట్టేశాను.