నల్లగండ్ల బండ కింద ఓ ఖండం!

నల్లగండ్లలో అపార్టుమెంటు కట్టాలంటే ముందు రాయిని గెలవాలి. నాలుగడుగులు తవ్వేసరికి గునపం ఠంగుమంటుంది. ఇక మొదలు... యంత్రాల రొద, దుమ్ము, పక్క వీధివాళ్ల విసుగు! కానీ ఆ విసుగు మధ్యలోనే, రోడ్డు పక్కన పడేసిన ఓ రాతి ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి. దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. డైనోసార్లు భూమ్మీదికి వచ్చి పాతిక కోట్ల ఏళ్లు కూడా కాలేదు. హిమాలయాలైతే మరీ చిన్నపిల్లలు. అవి పైకి లేవడం మొదలై అయిదు కోట్ల ఏళ్లు!

ముక్కలో లేత గులాబీ రంగులో కనిపించేది ఫెల్డ్‌స్పార్. గాజులా మెరిసేది క్వార్ట్జ్. నల్లటి చుక్కలు అభ్రకం. భూమి లోపల కిలోమీటర్ల లోతున శిలాద్రవం తాపీగా చల్లారితే తయారైన గ్రానైట్ ఇది. పైనున్న పొరలన్నీ కోట్ల ఏళ్లపాటు అరిగిపోయాయి. నెత్తిమీది బరువు తగ్గేసరికి బండ నిలువునా అడ్డంగా బీటలు వారింది. ఆ బీటల్లోకి వాన నీరు దిగింది. బండకు మూలలు ఉన్నచోట నీళ్లు మూడు వైపుల నుంచీ తినేస్తాయి కాబట్టి ముందు మూలలే అరుగుతాయి, చేతిలో సబ్బుబిళ్ల అరిగినట్టు. ఫెల్డ్‌స్పార్ బంకమట్టిగా మారి కొట్టుకుపోతుంది. మిగిలేది గుండ్రటి గుండు! గచ్చిబౌలి నుంచి లింగంపల్లి దాకా ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడతాయన్నట్టు భయపెట్టే గుండ్లను ఎవరూ పేర్చలేదు. ఎక్కడ పుట్టాయో అక్కడే ఉన్నాయి. అరిగి రాలిన పొడే చుట్టుపక్కల ఎర్ర చెల్క నేలలయింది.

పుట్టినచోటే ఉన్నాయంటే కదల్లేదని కాదు. అసలు కథ అక్కడే ఉంది.

పేరు మన గోండులదే

ఒకప్పుడు ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, మడగాస్కర్, మన దేశం... అన్నీ కలిసి ఒకటే మహాఖండం. స్కూల్లో చదువుకున్నదే, గోండ్వానా. ఆ పేరు ఎక్కడిదో మాత్రం చాలామందికి గుర్తుండదు. అది గోండులు నివసించే అడవుల పేరు. 1872లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన మెడ్లికాట్ ఇక్కడి రాతి పొరలకు ఆ పేరు వాడారు. 1885లో వియన్నా ప్రొఫెసర్ ఎడువార్డ్ సూస్ దాన్నే ఖండానికి పెట్టేశారు. అంటే ఉట్నూరు, ఆసిఫాబాద్ అడవుల్లో ఉండేవాళ్ల పేరును ప్రపంచంలోని భూగర్భ శాస్త్రవేత్తలంతా రోజూ పలుకుతున్నారన్నమాట! గోండి భాష తెలుగుకు దగ్గరి చుట్టం. రెండూ ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖవి. వింత ఏమిటంటే, కొమురం భీం 1940లో ప్రాణాలు వదిలాక గోండుల బతుకుల్ని అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం పిలిచిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కూడా వియన్నావాడే. ఆయన కొన్నేళ్లు మార్లవాయిలో ఉన్నారు. ఆ ఊరు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటుంది.

గోండులకే కాదు, ఖోండులకూ ఆ గౌరవం దక్కింది. విశాఖపట్నం కొండల్లో కనిపించే తుప్పు రంగు రాయిని శాస్త్రవేత్తలు ఖోండలైట్ అంటారు. ఆ తూర్పు కనుమల రాళ్లకు జోడీ ఎక్కడుందో తెలుసా? అంటార్కిటికాలో! ఇవాళ విశాఖ బీచ్‌లో నిలబడితే ఎదురుగా బంగాళాఖాతం. అప్పట్లో ఆ వైపున ఉన్నది మంచు ఖండమే. కాకపోతే అప్పటికి దాని మీద ఇప్పటంత మంచు లేదు, అడవులు ఉండేవి.

రుజువు కావాలంటే సింగరేణికి వెళ్లాలి. 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ కనుగొన్న బొగ్గు నాటి అడవులదే. ఆ పొరల్లో నాలుక ఆకారంలో ఉండే గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు దొరుకుతాయి. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ 1912లో చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం గుడారం దగ్గర పదహారు కిలోల రాళ్లు దొరికాయి. తిండి లేక, నడవలేక కూడా వాళ్లు వదిలిపెట్టని ఆ రాళ్లలో ఉన్నవి అవే ఆకులు!

దాదాపు 18 కోట్ల ఏళ్ల క్రితం ఆ ఉమ్మడి కుటుంబంలో వేరు కాపురాలు మొదలయ్యాయి. మనం ముందు ఆఫ్రికా నుంచి, తర్వాత అంటార్కిటికా నుంచి, సుమారు తొమ్మిది కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ నుంచి విడిపోయాం. ఒక దశలో ఏడాదికి పదిహేను సెంటీమీటర్ల వేగం. ఖండాల లెక్కలో అది పరుగే! దారిలో 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కన్ లావా పొంగింది. వికారాబాద్ వైపు వెళ్తుంటే ఎర్ర నేల పోయి నల్లరేగడి కనిపించేది అందుకే. చివరికి ఆసియాను ఢీకొన్నాం. నల్లగండ్ల బండ ఇంత ప్రయాణమూ చేసింది. ఇప్పటికీ ఏడాదికి అయిదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతూనే ఉంది, మీ ఫ్లాటుతో సహా.

గుండ్ల మధ్య కాపురాలు

పక్కనే ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. అందులోకి వెళ్తే ఐటీ నగరం రాకముందు ఈ ప్రాంతమంతా ఎలా ఉండేదో తెలుస్తుంది. రెండు వందలకు పైగా రకాల పక్షులు, చుక్కల దుప్పులు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు. రాతి సందుల్లో గుడ్లగూబలు. వానాకాలం జత కట్టే వేళ తల ఎర్రగా మార్చుకుని బండ మీద బస్కీలు తీసే మగ తొండలు. ఊరి పేరునే ఇంటి పేరు చేసుకున్న సాలీడు కూడా ఒకటుంది... మురీసియా హైదరాబాదెన్సిస్! బండల మధ్య కాసే సీతాఫలాన్ని మాత్రం మనదనుకుంటే పొరపాటే. అది అమెరికా ఖండం నుంచి వచ్చి స్థిరపడింది. మన పిల్లలు అక్కడికెళ్లి స్థిరపడక చాలా ముందే.

ఈ రాతితోనే బతికిన మనుషులూ ఉన్నారు. వడ్డెరలు బండ నాడి చూసి, వరసగా గుంతలు తొలిచి, ఇనుప చీలలు దిగ్గొట్టి గీత గీసినట్టు చీల్చేవారు. రోలూ ఇసుర్రాయీ, పొలం గట్టున కడీలూ, ఇంటి పునాదులూ ఆ చేతులవే. సమ్మెటతో ఒక్క గుండు చీల్చడానికి రోజులు పట్టేది. ఇప్పుడు యంత్రానికి పూట చాలు. తేడా అంతా అక్కడే వచ్చింది.

నగరంలో తొమ్మిది శిలారూపాలను ఒకప్పుడు వారసత్వ జాబితాలో చేర్చారు. విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు రాయి, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు వాటిలో ఉన్నాయి. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వీటికోసం పోరాడుతోంది, రాళ్ల మధ్య నడకలు నిర్వహిస్తోంది. ఆ జాబితాకు ఆధారమైన నిబంధనను 2015లో ప్రభుత్వం తొలగించింది. 2025 మార్చి చివర్లో విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో రాత్రీ పగలూ చెట్లు కొట్టేస్తుంటే విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ గొడవలో చెట్ల గురించీ జింకల గురించీ అందరూ మాట్లాడారు. మాట్లాడాల్సిందే. చెట్టు పోతే ఇరవై ఏళ్లకైనా ఇంకోటి పెంచుకోవచ్చు. బండ సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

పిల్లలకు గోండ్వానాను చూపించాలంటే దూరం పోనక్కర్లేదు. బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిందే. ఇక శిల్పారామంలోకి టికెట్ కొనుక్కుని వెళ్లేవాళ్లలో ఎంతమంది చీరల దుకాణాలు దాటి ఆ ఎలుగుబంటి ముక్కు దాకా వెళ్తారో మరి!